కాశీరావు ఇంటి కరెంటు

డ్రైవర్లు డీజిలు తీసి అమ్ముకోవడం మా ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే. సాయంత్రం పూట బండి పక్కన ఒక రబ్బరు గొట్టం, ఒక డబ్బా కనిపిస్తే వాచ్‌మన్ కూడా మొహం అటు తిప్పుకునేవాడు. ఆ డబ్బా ఏనాడూ ముట్టని డ్రైవరు కాశీరావు ఒక్కడే. ముట్టకపోతే పోనీ, ఆసుపత్రి బండికి తన ఇంట్లోంచి ఎదురు పోసిన డ్రైవరు కూడా ఆయనే. అలాంటి మనిషిని మెచ్చుకోవాలో నిలబెట్టి కడిగెయ్యాలో నాకిప్పటికీ తేలలేదు. కడిగెయ్యడం మాత్రం కడిగేశాను.

నా పేరు తెరేసమ్మ. పుట్టింది బెజవాడ గుణదలలో, కాపురం అవనిగడ్డలో, ఉద్యోగం మళ్ళీ గుణదలలోనే, ఒక ట్రస్టు ఆసుపత్రిలో. అంబులెన్సు నర్సుని. ఏళ్ళ తరబడి బండిలో వెనక సీటు నాది, స్టీరింగు కాశీరావుది. ఆయన నాకు చుట్టం కాదు. మా వైపు పెద్దవాళ్ళని పిలిచినట్టే బాబాయ్ అని పిలుస్తాను. నా నోరు మంచిది కాదని ఆసుపత్రిలో పేరుంది. ఆ పేరు నాకు చాలాసార్లు పనికొచ్చింది.

కాశీరావుది నాగాయలంక దగ్గర వేట మీద బతికే పల్లె. తండ్రికి పడవ, అన్నలకు పడవలు, మేనమామలకు పడవలు. ఈయనకు మాత్రం పడవెక్కితే వాంతులు. సముద్రంలోకి వెళ్ళనక్కర్లేదు, ఒడ్డున కట్టేసిన పడవలో కూర్చున్నా అంతే. వేటకు పనికిరాని మగపిల్లాణ్ణి ఆ పల్లెలో ఎంత ఏడిపించి ఉంటారో చెప్పనక్కర్లేదు. మీసం రాకముందే చేపల వ్యాను క్లీనరుగా ఎక్కేశాడు. చేపలూ రొయ్యలూ ఐసు కరగకముందే హనుమాన్ జంక్షన్ చేర్చాలి. ఆ ఓనరు చెయ్యి చాలా గట్టిది. ట్రిప్పుకు ఇంత అని డీజిలు కొలిచి పోసేవాడు, దాంతోనే వెళ్ళి రావాలి. బండిని నెమ్మదిగా, ఒక్క చుక్క వృథా కాకుండా నడపటం కాశీరావుకు అక్కడే ఒంటబట్టింది.

మనుషులు పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు ఆయన మైలేజి చెప్పుకునేవాడు. వారధి దిగుతుంటే న్యూట్రల్, స్పీడు బ్రేకరు కనిపిస్తే న్యూట్రల్, ఊరి బోర్డు కనిపిస్తే న్యూట్రల్. నడివేసవిలో కూడా తన వైపు ఏసీ వేసుకునేవాడు కాదు. వెనక పేషెంటు ఉంటే మాత్రం వెనక వేసేవాడు, అదొక్కటి నయం. "బండికి తాగటం అలవాటు చెయ్యకూడదమ్మాయ్" అనేవాడు నాతో. లీటరుకు ఆయన తెచ్చినంత ఇంకెవరూ తెచ్చేవారు కాదు. మిగతావాళ్ళ బండ్లు రబ్బరు గొట్టంతో కూడా తాగేవి కదా మరి. ఏదైతేనేం, ఆయనకున్న గొప్ప అదొక్కటే. పడవలో పనికిరానివాడు రోడ్డు మీద అందరికంటే పనికొస్తాడన్న గొప్ప.

డీజిలు రోజుల్లో మా మేనేజరు వెంకటకృష్ణారావు గారు ఫోనెత్తితే మొదట అడిగే మాట "ఎక్కడినుంచి?" అని. "ఏమైంది?" అన్నది రెండో మాట. ఆయన చెడ్డవాడు కాదు. చందాల మీద నడిచే ఆసుపత్రి, ఆయన మాత్రం ఏం చేస్తాడు? దూరమైతే "వేరే బండి చూసుకోండమ్మా" అని ఫోను పెట్టేసి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గుణదల మేరీమాత తిరునాళ్ళకు కొండ కింద అంబులెన్సు పెట్టే మూడు రోజులూ ఆయనకు నిద్ర ఉండేది కాదు. బండి అంగుళం కదలకపోయినా లోపల ఏసీ, మిషన్లు పనిచెయ్యాలంటే ఇంజను ఆడుతూనే ఉండాలి. నిలబడ్డ బండి తాగే డీజిలు తలుచుకుని ఆయన ప్రాణం ఉసూరుమనేది.

అలాంటి ఆసుపత్రికి మూడేళ్ళ కిందట ఒక దాత కరెంటు అంబులెన్సు ఇచ్చాడు. ఎవరేమనుకున్నా సరే, నేను ఆ బండిని ఒక్క మాట అననివ్వను. పాత బండి కిలోమీటరుకు పన్నెండు రూపాయలు తింటే ఇది రెండు కూడా తినేది కాదు. ఇంజనాయిలు లేదు, ఫిల్టర్లు లేవు, బెల్టు తెగటం లేదు. మెకానిక్కు బాబీ మా గేటు వైపు రావడమే మానేశాడు. తిరునాళ్ళలో మూడు రోజులూ చప్పుడు చెయ్యకుండా నిలబడింది, లోపల చల్లగా ఉంది, బయట పొగ లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. ఆ బండి వచ్చాక మేనేజరు గారు ఫోనెత్తి మొదటి మాటగా "ఏమైంది?" అని అడగటం మొదలెట్టారు. ఆ ఒక్క ముక్కకే నేను దానికి దణ్ణం పెడతాను.

డయాలసిస్ ట్రిప్పు ఆలోచన కాశీరావుదే. మా వైపు నుంచి, అంటే నాగాయలంక, అవనిగడ్డ, చల్లపల్లి నుంచి, కిడ్నీ పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు బస్సులు మారి బెజవాడ వచ్చేవారు. వచ్చేటప్పుడు ఎలాగో వస్తారు. రక్తం శుద్ధి చేయించుకుని తిరిగి వెళ్ళేటప్పుడు చూడాలి వాళ్ళ అవస్థ. కళ్ళు తిరుగుతుంటాయి, కాళ్ళు పీకుతుంటాయి, కిటికీ సీటు దొరకదు. చల్లపల్లి సీతారావమ్మ గారు ఒకసారి కంకిపాడు దగ్గర బస్సులోనే పడిపోయింది. పాతిక ఎకరాల ఆసామి భార్య. ఆమె పడిపోయినప్పుడు పక్కవాళ్ళు చెప్పులతో సహా ఆమె మీదుగా దాటుకుని దిగారట. పడిపోయినందుకు కాదు, దాటినందుకు ఆమెకు ఇప్పటికీ కోపం.

"సార్, నేనెట్టాగూ సాయంత్రం ఇంటికి పోవాలి. బండేసుకుని పోతాను. పోతూ వాళ్ళని దింపుతాను, పొద్దున్నే వస్తూ ఎక్కించుకొస్తాను" అన్నాడు కాశీరావు మేనేజరు గారితో. పగలంతా బండి ఊళ్ళో కేసులకు ఉంటుంది, మధ్యమధ్య ఆసుపత్రిలో ఛార్జింగు పెట్టుకుంటుంది. ఆసుపత్రికి పోయేది పెద్దగా ఏమీ లేదు.

"ఒక్క ఛార్జింగుతో నాగాయలంక వెళ్ళి తిరిగొస్తే సరే. మధ్యలో ఎక్కడో ఆపి పెట్టుకుంటానంటే మాత్రం కుదరదయ్యా. పేషెంట్లతో రోడ్డు మీద అరగంట ఎవరు కూర్చుంటారు?" అన్నారు మేనేజరు గారు.

మర్నాడే పరీక్ష ట్రిప్పు వేశారు. సాయంత్రం నిండా ఛార్జింగుతో బయల్దేరి అందరినీ దింపుకుంటూ ఇల్లు చేరేసరికి బండిలో సగం ఛార్జింగు కూడా మిగల్లేదట. పేషెంట్ల కోసం వెనక ఏసీ వెయ్యక తప్పదు, నిండా మనుషులు, అడుగడుక్కీ స్పీడు బ్రేకర్లు. తిరిగి బెజవాడ చేరదని కాశీరావుకు అర్థమైపోయింది. అప్పుడాయన ఏం చెయ్యాలి? పొద్దున్నే ఫోను చేసి "చాలదు సార్" అనాలి. అంతకంటే పనేముంది? కానీ ఆ మాట అనటం ఆయనకు చేతకాలేదు. మైలేజి రాలేదని ఆయన జీవితంలో ఎవరికీ చెప్పి ఎరగడు.

ఇంట్లో పెద్ద ప్లగ్గు ఒకటే ఉంది. అది ఆయన భార్య సన్యాసమ్మ ఫ్రీజరుది. పడవలు వచ్చినప్పుడు చేపలు, పీతలు కొని ఆ ఫ్రీజరులో పెట్టుకుని పొద్దున్నే అవనిగడ్డలో అమ్ముకునేది ఆమె. కాశీరావు ఫ్రీజరు తీగ పీకి బండి తీగ పెట్టాడు. "ఒక్క రోజుకేలే" అన్నాడట ఆమెతో.

మర్నాడు బండి ఆసుపత్రి గేట్లోకి వచ్చేసరికి మేనేజరు గారు మెట్లు దిగి వచ్చి మీటరు చూశారు. ఇంకా బోలెడు మిగిలే ఉంది. "ఒక్క ఛార్జింగేనా?" అని అడిగారు. "అవును సార్" అన్నాడు కాశీరావు. మేనేజరు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, అక్కడున్న డాక్టర్లను పిలిచి మరీ చూపించారు. నేనూ చప్పట్లు కొట్టాను. కాశీరావు మొహం ఆ రోజు వెలిగినట్టు మళ్ళీ ఎప్పుడూ వెలగలేదు. అప్పుడు మాకెవరికీ ఏమీ తెలియదు. నేను అవనిగడ్డలో ఎక్కి అవనిగడ్డలో దిగిపోయేదాన్ని, ఆయన ఇంటి దాకా ఏనాడూ వెళ్ళలేదు.

ఆ ఒక్క రోజు మూడేళ్ళు సాగింది. బండి తీగ ఉన్నంతసేపు ఆ ఇంట్లో ఇంకేదీ వెయ్యడానికి లేదు, వేస్తే ఫ్యూజు పోతుంది. వేసవిలో సన్యాసమ్మ విసనకర్ర పట్టుకుని వాకిట్లో పడుకునేది. రెండు మూడుసార్లు సరుకు కుళ్ళాక ఆమె చేపలు కొనటం మానేసింది. ఫ్రీజరులో బియ్యం పోసుకుంది. ఆసుపత్రిలో ఆదా అయిన ఖర్చు ఎక్కడికీ పోలేదు, తిన్నగా వెళ్ళి ఆమె నెత్తిన కూర్చుంది. ఆమె మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొగుడు పరువు పోతుందని ఊరుకుందట. ఇలాంటి ఊరుకోవటాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ అబద్ధం ఒకరోజుతో ఆగేది కాదు. మేనేజరు గారు ఆ లెక్క ట్రస్టువాళ్ళకు చెప్పారు. ట్రస్టువాళ్ళు దాతలకు చెప్పారు. "మా బండి ఒక్క ఛార్జింగుతో దివిసీమ దాకా వెళ్ళొస్తుంది" అని సభలో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. చల్లపల్లిలో ఒక ఛార్జరు పెడతామని ఎవరో ముందుకొస్తే, మాకక్కర్లేదని మనవాళ్ళే పంపేశారు. డీజిలు బండి అమ్మేశారు. రెండో కరెంటు బండి కొన్నారు, దానికి మణికుమార్ అనే కుర్ర డ్రైవరు వచ్చాడు. అతనిదీ నాగాయలంక వైపే. ఒక్కొక్క మంచి కబురు వచ్చినప్పుడల్లా కాశీరావు ఇంకొంచెం బిగుసుకుపోయేవాడు. మాకది గొప్ప తలకెక్కటంలా కనిపించేది.

"బాబాయ్, వారం వారం మార్చుకుందాం. నువ్వూ కాస్త రెస్టు తీసుకో" అని మణికుమార్ మంచిగా అడిగాడు. "ఆ రూటు జోలికి రామాకు" అని కసిరేశాడు కాశీరావు. ట్రిప్పు బత్తా మీద ఆశ అని డ్రైవర్లంతా అనుకున్నారు. జ్వరం వస్తే మాత్ర వేసుకుని నడిపాడు. బందరులో మేనకోడలి పెళ్ళికి తలంబ్రాల వేళకు వెళ్ళి భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. సెలవు పెడితే బండి ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆ ఇంకొకరు రాత్రికి ఛార్జింగు పెట్టకుండా బండిని ఎక్కడో ఒకచోట ఆపి, పొద్దున్నే మామూలుగా బయల్దేరతారు. సగం దారిలో బండి ఆగుతుంది, లోపల పేషెంట్లుంటారు. ఆయనకు కునుకు పట్టనివ్వని భయం అదే. ఇంటికి వెళ్ళినా బండి వాకిట్లోనే ఉండేది.

కళ్ళ సంగతి నేను కనిపెట్టింది మొన్న మే నెలలో. మోపిదేవి దగ్గర ఎడమ పక్కన సైకిలు మీద పోతున్న ఒక ముసలాయన హ్యాండిలుకు మా బండి అద్దం రాసుకుంది. ముసలాయన పడలేదు గానీ మా ఏడు తరాలనూ తిట్టాడు. "ఎక్కణ్ణించి వచ్చాడీయన?" అన్నాడు కాశీరావు. ఎక్కణ్ణించీ రాలేదు. అంత దూరం నుంచి నాకు కనిపిస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రి చేరాక ఆయన్ని బండిలోనే కూర్చోబెట్టాను. "నా ముక్కు వంకే చూస్తా ఉండు. నా వేలు ఎప్పుడు కనపడితే అప్పుడు చెప్పు" అని చెయ్యి పక్కకి చాపి మెల్లగా ముందుకు తెచ్చాను. వేలు దాదాపు ఆయన ముక్కు దగ్గరకు వచ్చేదాకా ఆయన మాట్లాడలేదు.

"లైట్ల చుట్టూ రంగులు కనపడతన్నాయా?"

"ఎప్పట్నించో. వయసు కదమ్మాయ్."

"వయసు కాదు బాబాయ్. కళ్ళ డాక్టరు పైన రెండో అంతస్తులోనే ఉన్నాడు. పద."

"చూద్దాంలే. పని తెమలనీ."

చెయ్యి పట్టుకుని లాగినా రాలేదు. సోమవారం దాకా గడువిస్తున్నానని, సోమవారం నాడు మేనేజరు గారి ఎదటే చెవి పట్టుకుని పైకి తీసుకెళ్తానని చెప్పాను. ఈలోపు రోజూ వెనక సీట్లోంచి లేచి ఆయన భుజం పక్కనే నిలబడి, ఎడమ పక్క ఎవరొస్తున్నారో కుడి పక్క ఎవరొస్తున్నారో దారిపొడుగునా అరుస్తూ వచ్చాను. ఒక మనిషి ఇంత మొండిగా తన కళ్ళు తనే ఎందుకు పాడుచేసుకుంటాడో నాకు అంతుపట్టలేదు.

సోమవారం ఇంకా రాకముందే, ఆదివారం రాత్రి గాలివాన వచ్చింది. చెట్లు పడి దివిసీమ అంతా కరెంటు పోయింది. పొద్దున్నే వాన వెలిసి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. కాశీరావు మామూలు వేళకే వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. వెనక ఏసీ వెయ్యలేదు. "గాలి చల్లగానే ఉందిగా" అన్నాడు. చల్లపల్లిలో సీతారావమ్మ గారు ఎక్కింది, ఇంకో ముగ్గురు అప్పటికే ఉన్నారు. పామర్రు దాటాక బండి వేగం తగ్గుతూ వచ్చింది. ఉయ్యూరు ఇంకా రాలేదు, హైవే పక్కన ఒక్క చెట్టు లేదు. అక్కడ ఆగిపోయింది.

అంబులెన్సు కిటికీలు తెరుచుకోవు. వెనక తలుపులు బార్లా తీశాను. వచ్చే పోయే లారీల వేడి గాలి తప్ప ఇంకేం రాలేదు. ఆదివారం డయాలసిస్ లేక, నీళ్ళు తాగకుండా ఉన్నా కాళ్ళు వాచి కూర్చున్న మనుషులు వాళ్ళు, పొద్దున్నే మిషను ఎక్కకపోతే ఊపిరాడదు. ఒకాయనకు అప్పుడే ఆయాసం మొదలైంది, ఆక్సిజన్ పెట్టాను. కాశీరావు దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"కరెంటు రాలేదమ్మాయ్."

"ఎక్కడ?"

"ఇంట్లో."

"మీ ఇంట్లో కరెంటు రాకపోతే ఆసుపత్రి బండి ఎందుకాగుద్ది?"

అప్పుడు చెప్పాడు. ఫ్రీజరు ప్లగ్గు దగ్గర్నించి చల్లపల్లి ఛార్జరు వద్దన్న దాకా అంతా. చెబుతున్నంతసేపూ తల తిప్పలేదు. కళ్ళ డాక్టరు దగ్గరకు ఎందుకు రాలేదో కూడా అప్పుడే చెప్పాడు. "బండి నడపొద్దని రాస్తాడు కదమ్మా. అప్పుడు బండి మణికుమార్‌కిస్తారు. ఇట్టాగే ఆగిపోద్ది. అబద్ధం బయటపడ్డాక ట్రిప్పు ఆపేస్తారు. వీళ్ళంతా మళ్ళీ బస్సెక్కాలి."

నేను మేనేజరు గారికి ఫోను చేసి మణికుమార్‌ని పంపమన్నాను. తర్వాత కాశీరావు మీద పడ్డాను. "నువ్వు మనిషివా, మానువా? నీకు మైలేజి రాకపోతే కొండలు కూలతాయా? ఇంట్లో దాన్ని ఎండబెట్టావు, నీ కళ్ళు నువ్వు తగలేసుకున్నావు, ఇప్పుడు వీళ్ళని తెచ్చి రోడ్డున పెట్టావు. ఎవరడిగారు నిన్ను?" ఇంకా చాలా అన్నాను, రాయదగ్గవి కావు.

సీతారావమ్మ గారు చెమటలు తుడుచుకుంటూ వెనకనుంచి అంది: "తెరేసమ్మా, ఇంక అరవమాకు. కాశీరావూ, ఇటు చూడు. ఇవాళ నువ్వు చెప్తే చెప్పు, లేకపోతే నేను మీ మేనేజరు ముందు కూర్చుని చెప్తాను. బస్సెక్కాల్సి వస్తే నేనే ఎక్కుతాను. నాకు బస్సు కొత్తేం కాదు."

మణికుమార్ వచ్చేదాకా మేమంతా ఆ పెట్టెలో ఉడికిపోయాం. వచ్చాక పేషెంట్లను ఆ బండిలోకి మార్చి, ఆయాసపడే ఆయన్ని ముందు మిషను ఎక్కించాం. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. కాశీరావు నాతోనే ఆసుపత్రికి వచ్చి, మొహం కూడా కడుక్కోకుండా మేనేజరు గారి గదిలోకి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

చెప్పటం అయింది. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. మేనేజరు గారు ఫోను తీసి ఏవో గుణించుకున్నారు. "మీ ఇంట్లో పెట్టిన కరెంటు కూడా ఇందులో కలిపినా," అన్నారు చివరికి, "డీజిలు బండికి అయిన దాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు కదయ్యా. మొదటి రోజే చాలట్లేదని చెప్తే చల్లపల్లిలో ఛార్జరు పెట్టించేవాణ్ణి. ఆ పెడతానన్నాయన ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు."

"మీరే అన్నారు కద సార్," అన్నాడు కాశీరావు. "ఒక్క ఛార్జింగుతో వస్తేనే అన్నారు. మధ్యలో ఆగితే కుదరదన్నారు."

"అన్నానా?" అన్నారు మేనేజరు గారు. నిజంగానే గుర్తు లేదు ఆయనకు. "ఏదో అనుంటాను. కొత్త బండి, మొదట్లో అందరం ఏదో ఒకటి అంటాం."

కాశీరావును కూర్చోమంటే కూర్చున్నాడు. తిట్టి ఉంటే, ఉద్యోగం పీకి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఇది తట్టుకోలేకపోయాడు. మేనేజరు గారి ఎదటే ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకూ ఆగలేదు.

అక్కణ్ణించి నేరుగా రెండో అంతస్తుకు తీసుకెళ్ళాను. ఈసారి చెయ్యి లాగక్కర్లేకపోయింది. నీటికాసులన్నాడు డాక్టరు. నొప్పి ఉండదు, పక్కల నుంచి చూపును కొంచెం కొంచెంగా తినేస్తుంది. కుడి కన్ను దాదాపుగా పోయింది. ఎడమ కంటితో ఎదురుగా ఉన్నది ఒక గొట్టంలోంచి చూసినంత కనిపిస్తుంది. చుక్కలు వేసుకుంటే అదైనా నిలుస్తుంది, పోయింది మాత్రం ఏ ఆపరేషనుతోనూ రాదు. "రెండేళ్ళ ముందు వచ్చుంటే బండి కూడా నడిపేవాడివయ్యా" అన్నాడు డాక్టరు. ఆయన్ని కూడా నాలుగు అనాలనిపించింది, కానీ ఆయన తప్పేముంది?

చల్లపల్లిలో ఛార్జరు నెల తిరక్కుండానే వచ్చింది. సీతారావమ్మ గారి వాకిట్లోనే పెట్టించారు, స్థలం తనే ఇచ్చింది. ఇప్పుడు రూటు మణికుమార్‌ది. పొద్దున్నే అక్కడ ఆపి తీగ పెడతాడు. అందరూ దిగుతారు, అరుగు మీద కూర్చుంటారు, డాక్టరు వాళ్ళకు కొలిచి చెప్పిన గుక్కెడు టీ తాగుతారు. ఎవరి ఒంట్లో ఎలా ఉందో, ఎవరి కోడలు ఏమందో మాట్లాడుకుంటారు. ఒక్కరు కూడా ఆలస్యమైందనలేదు. నడుములు కాస్త చాపుకునే వీలైందని సంతోషపడుతున్నారు.

పోయిన వారం కాశీరావును కంటి పరీక్షకు అదే బండిలో తీసుకెళ్ళాం. సన్యాసమ్మ తోడు వచ్చింది. ఫ్రీజరు మళ్ళీ నడుస్తోంది, ఇల్లు గడిచేది ఇప్పుడు దాని మీదే. ఒక పూట బేరం పోగొట్టుకుని వచ్చింది. కాశీరావు నల్ల కళ్ళద్దాలతో వెనక, నా పక్కన కూర్చున్నాడు. చల్లపల్లిలో బండి ఆగింది, మణికుమార్ తీగ తగిలించాడు, పేషెంట్లంతా దిగిపోయారు.

సన్యాసమ్మ కూడా దిగి ఆ ఛార్జరు పెట్టె దగ్గర నిలబడి కాసేపు చూసింది. "ఎంతసేపు పడుద్ది బాబూ?" అని అడిగింది.

"అయిపోద్ది పిన్నీ. టీ తాగి రండి" అన్నాడు మణికుమార్.

అరుగు మీద సీతారావమ్మ గారు ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు. సన్యాసమ్మ వాళ్ళ వంక చూసింది, తీగ వంక చూసింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరిగి బండి తలుపు దగ్గరకు వచ్చేసరికి ఆమె మొహం మామూలుగానే ఉంది.

"దిగయ్యా. అందరూ టీ తాగుతున్నారు. నువ్వూ తాగుదూగాని."

"నాకొద్దులే. మీరు తాగి రండి."

"మూడేళ్ళు నీ మాటే విన్నాను. ఇవాళ నా మాట విను. దిగు."

కాశీరావు లేచాడు. తలుపు పక్క కమ్మీ పట్టుకుని ఒక కాలు బయటికి చాపి, గాల్లో అటూ ఇటూ వెతికాడు.

"మెట్టెక్కడుందే?" అన్నాడు.

సన్యాసమ్మ వంగి ఆ పాదం రెండు చేతులతో పట్టుకుని మెట్టు మీద పెట్టింది.